చేతిలో ఆటీన్ రాజు

మా ఆయన పెద్దకర్మ రోజున ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నవాళ్ళంతా ఒకే మాట అన్నారు. ఓబులేసు మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించి ఎరగడు, అని. లోపలి గదిలో చాప మీద కూర్చుని ఆ మాట విన్న ప్రతిసారీ నేను పళ్ళు కొరుక్కున్నాను. ఎవరినీ నొప్పించలేదట! మనవాళ్ళు మెత్తదనం అనే బిరుదును ఎంత చవగ్గా పంచిపెడతారో. పెద్దవాడి ముందు వంగినవాడు మెత్తనివాడు. వాడు వంగినప్పుడు పక్కనున్న మనిషి ఏమైందో ఎవరూ అడగరు. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని మా ఆడబిడ్డ నా చెవిలో చెప్పింది. నా కోపం ఆయన పోకముందు నుంచీ ఉన్నది. ఆయన పోయినంత మాత్రాన అది ఎక్కడికి పోతుంది?

ఆ రోజు పెద్ద సారు కూడా వచ్చాడు. కాలువల శాఖలో మా ఆయనకు పై అధికారి, పెద్ద ఇంజనీరు. కోస్తా నుంచి వచ్చి అనంతపురంలోనే ఇల్లు కట్టుకుని ఉండిపోయినవాడు. ఇప్పుడు బాగా ముసలివాడైపోయాడు. డ్రైవరు చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, దండ వేసిన ఫోటో వైపు కాసేపు చూసి, "అమ్మా, మీ ఇంట్లో తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఇప్పటికీ మర్చిపోలేదు" అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న ఒక ప్రశ్న ఆయన్ని అప్పుడు అడిగాను. ఆయన చెప్పిన జవాబు వల్లనే ఇది రాస్తున్నాను. కానీ ఆ జవాబు ఎందుకు అంత మండించిందో తెలియాలంటే, ముందు మా నాయన తువ్వాలు గురించి చెప్పాలి.

మాది గార్లదిన్నె దగ్గర పల్లె. నాయన ఎద్దుల సంతలో దళారి. ఆ రోజుల్లో సంతలో బేరం నోటితో చేసేవాళ్ళు కాదు. అమ్మేవాడు, దళారి చేతులు కలిపి వాటి మీద తువ్వాలు కప్పుకునేవాళ్ళు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎలా నొక్కితే ఎంత అన్నది ఆ చేతులకే తెలియాలి. చుట్టూ వందమంది నిలబడి ఉన్నా, ఎద్దు రంకె వేస్తున్నా, తువ్వాలు కింద ఏం జరుగుతున్నదో ఎవరికీ తెలిసేది కాదు. బేరం నచ్చకపోతే చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళు. అది తప్పు కాదు. ఒప్పుకున్న వేలు పట్టుకున్నాక తీసుకుంటే మాత్రం వాడిని మళ్ళీ సంతలో నిలబడనిచ్చేవాళ్ళు కాదు. సంతకు ముందురోజు అమ్మ ఆ తువ్వాలును కుంకుడుకాయ రసంలో ఉతికి కంప మీద ఆరేసేది. ఎంత ఉతికినా దానికి బీడీ పొగ వాసన, పశువుల ఊపిరి వాసన పోయేవి కావు. ఇంట్లో ఎవరూ దానితో మొహం తుడుచుకోకూడదు. కొడవలి, నాగలి ఎట్లాగో అది నాయనకు అట్లా.

సాయంత్రం రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి ముందు పెట్టుకుని నాయన నాకు ఆ వేళ్ళ భాష నేర్పేవాడు. అమ్మ కసిరేది. "ఆడపిల్లకు ఎద్దుల బేరం యాలప్పా? సంతకు పంపుతావా ఏమి?" నాయన నవ్వేవాడు. "సంతకు పోకపోతే ఏమి? మనుషుల్లోకి పోదా?" అనేవాడు. ఒకసారి నేను ఆటకు ఒక వేలు పట్టుకుని, వెంటనే మనసు మార్చుకుని వదిలేశాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "ఏలు పట్టినాక ఎనక్కి తీసుకోగూడదమ్మా. నోటి మాట నలుగురు ఇంటారు, తప్పితే నలుగురూ అడుగుతారు. తువ్వాలు కింద మాట ఎవురూ ఇనరు. అడిగేటోడు ఎవురూ ల్యాడు. అందుకే దాన్ని అస్సలు తప్పగూడదు" అన్నాడు. నేను తర్వాత చాలా పుస్తకాలు చదివాను. నీతి గురించి లావుపాటివి కూడా చదివాను. ఆ మాటను మించింది నాకు వాటిల్లో దొరకలేదు.

పుస్తకాలు చదవడం కూడా సంత పుణ్యమే. నాయన అనంతపురం వచ్చిన రోజుల్లో నన్ను గ్రంథాలయంలో దించి, పని ముగించుకుని సాయంత్రం వచ్చి తీసుకుపోయేవాడు. ఆడపిల్లను ఎద్దుల మధ్య నిలబెట్టలేక వెతుక్కున్న దారి అది. పదో తరగతితో బడి ఆగిపోయింది కానీ ఆ రోజుల్లో అంటుకున్న చదువు ఆగలేదు. మేనత్త కొడుకు ఓబులేసు బావకు ఇంజనీరు ఉద్యోగం వచ్చి, నన్ను చేసుకుని, అనంతపురంలోనే కాపురం పెట్టినప్పుడు అందరూ నా అదృష్టాన్ని పొగిడారు. నేను మాత్రం ఇల్లు గ్రంథాలయానికి నడిచిపోయేంత దూరంలో ఉందని సంతోషపడ్డాను. తెలుగు అరలన్నీ అయిపోయాక, ఎవరూ ముట్టని ఇంగ్లీషు అరలో చెయ్యి పెట్టాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ చదివేదాన్ని. అట్టలేని ఒక పుస్తకం అక్కడే దొరికింది. అది బ్రిడ్జి అనే పేకాట గురించి.

పేకాట అనగానే మన వైపు అందరికీ గుర్తొచ్చేది పోలీసు జీపు, పొలాలమ్ముకున్న కాపులు. ఇది ఆ ఆట కాదు. నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒక జట్టు. పేకలు పంచాక, ఆట మొదలుకాక ముందు వేలం నడుస్తుంది. ఏ రంగు తురుపైతే మా జట్టు ఎన్ని పట్లు పట్టగలదో వంతులవారీగా పిలవాలి. చాలనుకుంటే పాస్ అనాలి. నీ చేతిలో ఏముందో నీ జట్టు మనిషికి చెప్పడానికి ఆ పిలుపు ఒక్కటే దారి. పేక చూపించకూడదు, కన్ను కదపకూడదు, గొంతు మార్చకూడదు. అది చదవగానే నేను పుస్తకం మూసి నవ్వుకున్నాను. ఇది నాయన తువ్వాలు కదా! ఆంగ్లేయులు తువ్వాలు తీసేసి బల్ల వేసుకున్నారు, అంతే.

చాప మీద నాలుగు చేతులూ పంచుకుని, నాలుగూ నేనే ఆడుకుంటూ నేర్చుకున్నాను. ఒకరోజు బావ కాలువ పని నుంచి ఎర్రదుమ్ముతో ఇంటికొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏమ్మే సుంకూ, ఒక్కదానివే నలుగురితో ఆడుతాండావా?"

"ఆడుతాండా. ఎవురూ దొంగాట ఆడడం లేదు, సూడు."

"మా హాస్టల్లో ఈ ఆటే ఆడేటోళ్ళం మే!"

"మీరు ఎట్లాడేటోళ్ళో నాకు తెలుసులే బావా. చేతిలో బొమ్మలుంటే కుర్చీలో ముందుకు జరుగుతావు. ఏమీ లేకుంటే తల గోక్కుంటావు. ఇంక పిలుపులెందుకు?"

ఆయన అక్కడే దుమ్ముకాళ్ళతో చాప మీద కూర్చున్నాడు. ఆ సంవత్సరమంతా ఆయనకు బ్రిడ్జి నేర్పింది నేను. ఇది గర్వంగానే రాస్తున్నాను. వీధిలోకి నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియని రోజులవి. బిందెలు వరసలో పెట్టి, మెట్ల మీద కూర్చుని, కాగితం మీద చేతులు రాసుకుని పిలుపులు అభ్యాసం చేసేవాళ్ళం. నేను "ఒక ఇస్పేటు" అంటే ఆయన "రెండు డైమండ్లు" అనేవాడు. బిందెల వరసలో ఉన్న ఎదురింటి నాగమ్మవ్వ, "ఏమప్పా ఓబులేసూ, పెండ్లాం కాడ పాఠం ఒప్పజెప్పుతాండావా? బెత్తం యాడ పెట్టిందో?" అని ఎగతాళి చేసేది. "బెత్తం అక్కరలేదవ్వా, సూపు సాలు" అనేవాడు బావ. అప్పట్లో ఆయనకు అంత హాస్యం ఉండేది. ఎండకు కాలిన మెట్లు, ఎండిన పంపు, తడి లేని బిందెల కంచు చప్పుడు. నా జీవితంలో నేను అంత సంతోషంగా ఉన్న కాలం ఇంకొకటి లేదు.

చేతిలో రాజు, రాణి లాంటి బొమ్మలు లెక్కపెట్టి పిలవడం ఎవరికైనా వస్తుంది. ఎదుటివాళ్ళ పిలుపులు విని, వాటినిబట్టి నీ చేతి విలువను పెంచుకోవడమో తగ్గించుకోవడమో చేయాలి. ఆ తీర్పులోనే ఆటగాడు తెలుస్తాడు. మా వైపు రైతులంతా ఎక్కువ పిలిచేవాళ్ళే. ఒక వాన పడితే చాలు, రెండో వాన తమ చేతిలోనే ఉన్నట్టు చెనిక్కాయ విత్తనం నేలలో వేసేస్తారు. బావ వాళ్ళకు పూర్తిగా వ్యతిరేకం. చేతిలో ఉన్నదాన్ని కూడా నమ్మడు. "నా దగ్గర ఏముందిలే" అనడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. అందుకే మేము ఒక నియమం పెట్టుకున్నాం. కొన్ని పిలుపులకు 'ఆగకూడని పిలుపులు' అని పేరు పెట్టాం. ఉదాహరణకు, ఆయన రెండు పిలిచి తన చెయ్యి మంచిదని చెప్పాక, నేను ఒక మెట్టు దాటించి కొత్త రంగును మూడు అని పిలిస్తే, నా చెయ్యి చాలా బలమైంది అని. గేమ్ చేరేదాకా, అంటే ఒక ఆట పూర్తిగా గెలిచినట్టు లెక్కకొచ్చే పిలుపు దాకా, ఇద్దరమూ ఆగకూడదు అని. నీ దగ్గర ఏముందన్న సంకోచం నీకు వద్దు, జవాబు చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటాను. మెట్ల మీద కూర్చుని ఎన్ని సాయంత్రాలు చెప్పుకున్నామో ఈ మాట!

ఆఫీసర్ల క్లబ్బులో భార్యలకు భర్తల వెంటే ప్రవేశం. రేకుల వరండా, గాలి లేచినప్పుడల్లా బల్లల మీద సన్నటి ఎర్రదుమ్ము, వేయించిన చెనిక్కాయల వాసన. ఇంట్లో ఆయన్ని నువ్వు అనేదాన్ని, క్లబ్బులో మీరు అనేదాన్ని. కొద్దినెలల్లోనే మమ్మల్ని ఓడించడం కష్టమని అందరికీ తెలిసింది. ఎద్దుల దళారి కూతురు, పదో తరగతి చదివింది, తమను కూర్చోబెట్టి ఓడిస్తున్నదంటే వాళ్ళకు మింగుడుపడలేదు. ఒక లాయరు ఓడిపోయి లేస్తూ, "బల్ల కింద తువ్వాలు ఉందేమో చూడండి సార్, వేళ్ళు పట్టుకుంటున్నారేమో" అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన పేకలు కలుపుతున్నాడు. అప్పుడే నాకు తెలియాల్సింది.

ఆ ఏడాదే నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ప్రతి ఆదివారం పల్లెకు పోయేదాన్ని. ఆయన ఎడమచెయ్యి నా చేతిలో పెట్టి, పాత తువ్వాలు కప్పుకుని, వేళ్ళతోనే మాట్లాడుకునేవాళ్ళం. ఎంత నొప్పి, ఎంత ఆకలి, ఎంత కోపం. సంతలో ధర చెప్పిన వేళ్ళే అన్నీ చెప్పేవి. సరిగ్గా అప్పుడే ఆఫీసులో బదిలీల జాబితా మాట మొదలైంది. ఓబులేసు పేరు ఉందట, శ్రీకాకుళం వైపు వేస్తారట అని ఎవరో చెప్పారు. బావ అన్నం మానేశాడు. జాబితా పెద్ద సారు చేతిలో ఉంది. క్లబ్బు పోటీలో ఫైనలు కూడా పెద్ద సారు దంపతుల మీదే పడింది.

ఫైనలు జరిగిన ఆదివారం సాయంత్రం ఆట ఎలా నడిచిందో ప్రతి పేకతో సహా చెప్పగలను. అక్కరలేదు, ఒక్క చెయ్యి చాలు. చెరొక గేమ్ గెలిచాం. ఇంకొక గేమ్ ఎవరిదైతే కప్పు వాళ్ళది. నా చేతిలో ఇస్పేట్లు, ఆటీన్లు రెండూ పొడవుగా, బొమ్మలతో నిండుగా వచ్చాయి. ఒక ఇస్పేటు అన్నాను. బావ రెండు డైమండ్లు అన్నాడు, అంటే తన చెయ్యి మంచిదే. గొంతు మార్చకుండా, మెట్ల మీద వందసార్లు అన్నట్టే, మూడు ఆటీన్లు అన్నాను. ఆగకూడని పిలుపు. నాలుగు ఆటీన్ల దాకా పిలిచి పట్టుకుంటే గేమ్. మూడు దగ్గర ఆగితే, నాలుగుకు సరిపడా పట్లు పట్టినా గేమ్ కాదు. పిలవనిది గెలుపు లెక్కలోకి రాదు. ఆ ఆటలో నాకు చాలా నచ్చిన న్యాయం అది.

పెద్ద సారు భార్య పాస్ అంది. బావ తన పేకలు మూసి బల్ల మీద బోర్లా పెట్టాడు. "పాస్" అన్నాడు.

ఎదుటి ఇద్దరూ కూడా ఆట తెలిసినవాళ్ళే. పెద్ద సారు ఒక క్షణం ఆయన వైపు చూసి, తనూ పాస్ అన్నాడు. అక్కడితో వేలం అయిపోయింది. బ్రిడ్జిలో ఆట పిలిచినవాళ్ళ జట్టు మనిషి తన పేకలన్నీ అందరికీ కనిపించేలా బల్ల మీద పరవాలి. బావ పరిచాడు. ఒక్కొక్క రంగే, వరసగా, శ్రద్ధగా. వాటిలో నాలుగు ఆటీన్ పేకలు. అన్నిటికన్నా పైన ఆటీన్ రాజు. "అయ్యో" అంది పెద్ద సారు భార్య. ఆమె పాపం మంచిది. నేను ఆడాను. నాలుగుకు సరిపడా పట్లు ఒక్కటీ తగ్గకుండా పట్టాను. గేమ్ రాలేదు. తర్వాతి పంపకంలో వాళ్ళకు మంచి చేతులొచ్చాయి, గేమ్ చేశారు, కప్పు తీసుకున్నారు. "బాగా ఆడారమ్మా" అన్నాడు పెద్ద సారు. బావ లేచి నిలబడి ఆయనకు చెయ్యి కలిపాడు. అదే చెయ్యి.

ఇంటికి వస్తూ దారిలో స్కూటరు ఆపమన్నాను. రోడ్డు పక్కన నిలబడి అడిగాను.

"యాల పాస్ అన్నావు?"

"మర్చిపోతి మే. మామూలు పిలుపే అనుకున్నా."

"అబద్ధం. నా కండ్లలోకి సూసి సెప్పు."

"సరే. బదిలీ అయితే మామను ఎవురు సూస్తారు? ఆదివారం ఆదివారం ఆడనుంచి రాగలవా నువ్వు? నీ లైబ్రరీ ఆడుంటాదా? నీ కోసమే మే. మీ నాయన కోసమే."

"నన్ను అడిగినావా?"

"బల్ల కాడ ఎట్ల అడగల్ల?"

"ఇంట్లో అడగల్ల! నిన్న అడగల్ల, మొన్న అడగల్ల. బావా, ఓడిపోదామా అని అడిగింటే నేనే ఓడి ఇచ్చిందును కదా, ఇద్దరమూ కలిసి. నన్ను బల్ల కాడ కూర్చోబెట్టి, నా చేత పిలిపించి, నువ్వొక్కడివే బేరం తెంపుకొస్తివి."

"గమ్మునుండు మే, రోడ్డు మీద" అన్నాడు. అంతే. మెత్తని మనిషి కదా.

నా కోపం కప్పు పోయినందుకు అని ఆయన చివరిదాకా అనుకున్నాడు. వెండి కప్పు కూడా కాదు అది. నా కోసం అని చెప్పి నన్నే అడగకపోవడం, ఇది మోసం కాదు ప్రేమ అని అనుకోవడం, నన్ను కాల్చింది అది. జట్టు అంటే ఒకరి చెయ్యి ఒకరికి కనిపించకపోయినా ఒకరి మాట ఒకరికి ఉంటుందని కదా. ఎదుటి పక్క కూర్చున్నవాడు పై అధికారి అయితే మాట మారుతుందని ఏ పుస్తకంలోనూ లేదు.

తర్వాతి ఆదివారం నాయనకు అంతా చెప్పాను. తువ్వాలు కింద ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. ఒప్పుకున్నాక వదిలేశాడు నాయనా, అన్నాను. సాయంత్రం బావ నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. "ఎట్లుండావు మామా?" అంటూ మంచం పక్కన కూర్చుని, అలవాటు ప్రకారం తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. నాయన తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని గోడ వైపు తిరిగాడు. అక్కకొడుకని చిన్నప్పటి నుంచీ భుజాన మోసిన మనిషి ఆయన. పోయేదాకా మళ్ళీ అల్లుడికి ఆ చెయ్యి ఇవ్వలేదు.

బదిలీ రాలేదు. బావ దాన్ని తన త్యాగ ఫలంగా జీవితమంతా మోశాడు. ఎప్పుడైనా నేను గట్టిగా మాట్లాడితే, "ఈడనే ఉంటిమి కదా మే, మామను సూసుకుంటివి కదా" అనేవాడు. ఆయన మంచి భర్త కాదని నేను అనడం లేదు. నాకు జ్వరమొస్తే వంట చేసేవాడు. గ్రంథాలయం పుస్తకాలకు గడువు మీరకుండా తనే తీసుకుపోయి ఇచ్చొచ్చేవాడు. అప్పుడప్పుడూ సాయంత్రాలు పేకల డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "ఒక చెయ్యి ఆడదామా?" అనేవాడు. "పాస్" అనేదాన్ని. ఆయన డబ్బా తీసుకుపోయి బీరువాలో పెట్టేవాడు. మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ జట్టుగా కూర్చోలేదు.

ఇక పెద్దకర్మ రోజు. ఉగ్గాని పొగడ్త అయ్యాక పెద్ద సారును అడిగాను. "సార్, ఆ ఏడు ఓబులేసుకు శ్రీకాకుళం బదిలీ తప్పించింది మీరే కదా? క్లబ్బు ఫైనలు అయినాక?"

ఆయన కనుబొమలు ఎగరేశాడు. "బదిలీయా? ఓబులేసుకా? ఎవరు చెప్పారమ్మా? జాబితాలో పేరు వస్తే నేను అప్పుడే కొట్టించేశాను. ఆ కాలువ మీద ఏ తూము దగ్గర ఎవడు గండి కొడతాడో అతనికి తప్ప ఎవరికీ తెలీదు. అతన్ని పంపేస్తే నేను మునిగిపోయేవాణ్ణి."

"ఫైనలుకు ముందే కొట్టేసినారా?"

"ఏ ఫైనలు?"

"బ్రిడ్జి సార్. మీకు కప్పు వచ్చింది."

"ఏమోనమ్మా, గుర్తు లేదు. కప్పులన్నీ మా ఆవిడ పాత సామాన్లవాడికి వేసేసింది."

"మరి బదిలీ లేదని ఆయనకు చెప్పలేదా?"

"ఉండేవాడికి ఉంటావని చెప్తామా?" అని నవ్వాడు. షామియానా కింద ఇంకా ఇద్దరు ముగ్గురు నవ్వారు, పెద్దాయన నవ్వాడని.

నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. అందరూ ఏడుస్తున్నాననుకున్నారు. నేను ఏడవలేదు. ఇంతకాలం నేను అనుకున్నది, ఆయన మా మాటను అమ్మి ఒక వస్తువు తెచ్చాడని. ఎంత నీచమైన బేరమైనా, బేరమే కదా అని. ఇప్పుడు తెలిసింది, ఆ వస్తువు ముందునుంచీ మాదే. ఆయన లేకపోతే ఆ కాలువ నడవదు. పెద్ద సారుకు ఆ సంగతి తెలుసు, గండి కొట్టేవాళ్ళకు కూడా తెలుసు. తెలియనివాడు ఓబులేసు ఒక్కడే. "నా దగ్గర ఏముందిలే." తన చేతిని తను తక్కువకు లెక్కగట్టుకుని, ఆ లెక్కలో నన్ను కూడా కలిపేశాడు. ఎవరూ అడగని లంచం ఇచ్చాడు. పుచ్చుకున్నవాడికి పుచ్చుకున్నట్టు కూడా గుర్తు లేదు.

ఇప్పుడు బ్రిడ్జి ఫోనుల్లో ఆడుతున్నారు. ఎదుటివాడు ఎవరో, ఏ ఊరో తెలియదు. నచ్చకపోతే మధ్యలోనే వదిలేసి పోవచ్చు, ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. మా రేకుల క్లబ్బు పెళ్ళిళ్ళ హాలైపోయింది. నీళ్ళ వరసలో కూర్చున్న మెట్లు ఇప్పటికీ ఉన్నాయి కానీ పైన ట్యాంకులున్నాయి, మెట్ల మీద కూర్చునేవాళ్ళు లేరు. ఆ రోజులు బాగున్నాయని నేను అనను. ఆ రోజుల్లో పై అధికారి ముందు మొగుడు పాస్ అంటే పెళ్ళాం గమ్మున ఆడాలి. ఇప్పుడు నేను ఖైరున్నీసాతో ఆడుతున్నాను. ఆమె లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. నాకన్నా చిన్నది. ఆట నేర్చుకున్నది మొన్నమొన్ననే, నా దగ్గరే. మొదటిరోజే ఆగకూడని పిలుపులు చెప్పాను. "నీ చేతిలో బూడిద ఉన్నా సరే, ఖైరున్, జవాబు చెప్పల్ల" అన్నాను. "సరే అక్కా" అంది. అంతే. ప్రశ్న కూడా వేయలేదు.

పోయిన నెల పుట్టపర్తిలో ఒక లాడ్జి హాల్లో పెద్దవాళ్ళకు పోటీ పెట్టారు. బయలుదేరుతుంటే మా ఆడబిడ్డ గుమ్మంలో నిలబడింది. "సంవత్సరీకం కాకముందే పేకాటా వదినా? సూసేటోళ్ళు ఏమంటారు?" అంది. "మీ అన్న చానా ఏండ్లు గమ్మున కూర్చున్నాడు. ఇంక నేనూ కూర్చోవల్లనా?" అని బస్సెక్కాను.

ఒక పంపకంలో నాకు చేతినిండా బొమ్మలొచ్చాయి. అట్లాంటి చెయ్యికి రెండు కళావర్లు అని పిలవాలి. కళావర్లు ఉన్నాయని కాదు, బలమైన చెయ్యి, గేమ్ దాకా ఆగొద్దు అని దాని అర్థం. అన్నాను. ఖైరున్ మొహం చూడలేదు, చూడకూడదు. ఆమె పిలిచింది. నేను ఇస్పేట్లు అన్నాను. అదీ ఆగకూడనిదే. ఆమె ఈసారి ఆలస్యం చేసింది. గాజుల చప్పుడు వినపడింది. పాత స్కూటరు, పాత రోడ్డు, అన్నీ వచ్చి నా వెనక నిలబడ్డాయి. ఆమె పిలిచింది. నేను నాలుగు ఇస్పేట్లు అని ఆపాను. ఆమె తన పేకలు బల్ల మీద పరిచింది. రెండు, మూడు, నాలుగు, ఆరు. అన్నిటిలోకీ పెద్దది ఒక తొమ్మిది. ఒక్క పట్టు తక్కువై ఆట పోయింది. పోటీ కూడా పోయింది.

బయట టీ తాగుతూ ఆమె నొచ్చుకుంది. "అక్కా, నా వల్లనే పాయె. నా చేతిలో ఏమీ లేదు తెలుసా! పాస్ అనేద్దామని నోటిదాకా వచ్చె."

"మరి యాల అనలేదు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఆగకూడదని మనం మాట్లాడుకున్నాం కదా అక్కా."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఓటమికి ఏడుస్తున్నాననుకుని ఓదార్చింది. నేను ఏడుస్తున్నది కోపంతో. ఇంత తేలికా ఇది? ఇంతేనా? మాట్లాడుకున్నాం కాబట్టి పిలిచింది. ఈ ఒక్క వాక్యం కోసమా నేను నా కాపురమంతా ఎదురుచూసింది?

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఫోటో ముందు నిలబడ్డాను. దండలో పూలు ఎండి రాలుతున్నాయి. "బావా, ఆ పిల్ల చేతిలో తొమ్మిది" అన్నాను. "తొమ్మిదితో పిలిచింది. నీ చేతిలో రాజు. యాల పిలవలేదు, ఇప్పుడన్నా సెప్పు" అన్నాను.

ఆయన ఎప్పటిలాగే మెత్తగా నవ్వుతూ నా వైపు చూశాడు. పాస్.